బోరు మన మాటే, కొలతే ఇంకా మనది కాలేదు

నల్లగొండ, పాలమూరు పల్లెల్లో పొద్దున లేచిన కాడి నుంచి ఒక ఇంగ్లీషు మాట చెవిన పడుతూనే ఉంటుంది. "బోరు పోస్తలేదు" అని రైతు అంటాడు. "బండి బోరుకొచ్చింది" అని మెకానిక్ అంటాడు. "బోరింగు కాడికి పోయి రెండు బిందెలు పట్టుకరా బిడ్డా" అని అమ్మ అంటుంది. "బోరు కొడుతుందే" అని సెలవులకు ఇంటికొచ్చిన పిల్ల అంటుంది. ఈ మాటను ఇంగ్లీషని అనుకుని పలికేవాళ్లు ఊళ్లో ఒక్కరు కూడా ఉండరు. 1852లో బ్రౌన్ నిఘంటువు అచ్చయ్యేనాటికి ఈ నేల మీద బోరు బండి చక్రం పడలేదు. ఇప్పుడు బోరు అనే మాట లేకుండా ఇక్కడ ఒక ఎకరం గురించి కూడా మాట్లాడలేం.

ఈ మాట మీద నాకు గట్టి అభిప్రాయం ఉంది. బోరును తెలుగులోంచి తీసేసి దాని చోట 'గొట్టపు బావి' పెట్టాలనేవాళ్లు ఒక సరైన మాటను తీసి తప్పు మాటను పెడుతున్నారు. అయితే బోరు అన్నంత మాత్రాన పని అయిపోలేదు. ఇంగ్లీషులో ఈ మాట ఎక్కడికి పోయినా ఒక కొలతను వెంటబెట్టుకుని పోయింది. మన దగ్గరికి మాట వచ్చింది గానీ కొలత చేను గట్టు మీదే ఆగింది. రైతు పైసలు పోయేది అక్కడే.

ముందు పుట్టుక. పాత ఇంగ్లీషులో 'బోరియన్' అంటే తొలవడం, బెజ్జం వేయడం. జర్మన్‌లో, డచ్చిలో 'బోరెన్', స్వీడిష్‌లో 'బొర్రా' అన్నీ ఒక కడుపున పుట్టినవే. లాటిన్‌లో తొలవడాన్ని 'ఫొరారే' అంటారు, అది వీటికి దూరపు చుట్టం. తపాలా బిళ్లల షీటును చింపడానికి వీలుగా వరసగా వేసే చిల్లులను పెర్ఫొరేషన్ అంటాం కదా, ఆ మాటలో ఉన్నది ఈ ఫొరారేనే. మన వడ్రంగి చేతిలోని బర్మా చేసే పని కూడా ఇదే: తిప్పుకుంటూ, ముందున్నదాన్ని పొడి చేసుకుంటూ లోపలికి దిగడం. సూదితో గుచ్చితే పడేది, మేకు కొడితే పడేది బోరు అనిపించుకోదు. బోరు అంటే గుండ్రంగా, తిన్నగా, లోతుగా తొలిచినది.

లేత్ షాపులో ఈ తేడాను ఇంకా సన్నగా చూస్తారు. గట్టి ఇనుములో మొదటిసారి రంధ్రం చేస్తే డ్రిల్లింగు. ఉన్న రంధ్రాన్నే అనుకున్న సైజుకు పెంచి, వంకర తీసి, లోపలి గోడ నున్నగా వచ్చేలా కోస్తే బోరింగు. రెండు పనులకూ పనిముట్టు వేరు, కూలి వేరు.

క్రియ నుంచి నామవాచకం వచ్చాక ఇంగ్లీషులో బోరు అంటే తొలిచిన రంధ్రం అయింది, ఆ తర్వాత ఆ రంధ్రం లోపలి అడ్డకొలత కూడా అయింది. నా వాదమంతా ఈ రెండో అర్థం మీదే ఉంది. తుపాకీని చూడండి. 12 బోరు తుపాకీ అంటే గొట్టం 12 ఏదో ఉందని చాలామంది అనుకుంటారు. ఒక పౌను సీసాన్ని, అంటే 454 గ్రాములను, 12 సమానమైన గుండ్లుగా పోస్తే ఒక్కో గుండు ఎంత లావు వస్తుందో ఆ గొట్టం లోపలి వెడల్పు అంత అని దానర్థం. లెక్క కడితే 18.5 మిల్లీమీటర్లు వస్తుంది. అదే పౌను సీసాన్ని 16 గుండ్లు చేస్తే గుండు చిన్నదవుతుంది కాబట్టి 16 బోరు తుపాకీ గొట్టం 12 బోరు కన్నా సన్నం. అంకె పెరిగితే రంధ్రం చిన్నదవుతుంది. ఈ లెక్క తెలియని మనిషికి ఆ అంకె తప్పుదోవే చూపిస్తుంది.

మోటారు సైకిల్ దగ్గరికి వద్దాం. స్ప్లెండర్ ఇంజనులో బోరు 50 మిల్లీమీటర్లు, స్ట్రోకు, అంటే పిస్టను పైనుంచి కిందికి కదిలే దూరం, 49.5 మిల్లీమీటర్లు. గుండ్రటి వైశాల్యాన్ని స్ట్రోకుతో గుణిస్తే 97.2 ఘన సెంటీమీటర్లు. బండి కాగితాల మీద కనబడే సీసీ లెక్క ఇదే. ఏళ్ల తరబడి పిస్టను పైకీ కిందికీ ఆడితే సిలిండరు గోడ అరుగుతుంది. అరుగుడు అంతటా ఒక్క తీరున ఉండదు. పై రింగు ఎక్కడిదాకా పోయి మళ్లుతుందో అక్కడ ఎక్కువ, అడుగున తక్కువ. అందుకే తెలిసిన మిస్త్రీ డయల్ గేజిని పైన, నడుమ, కింద మూడు చోట్ల, ఒక్కో చోట నిలువుకు ఒకసారి, అడ్డానికి ఒకసారి పెట్టి చూస్తాడు. తర్వాత 0.25, 0.50, 0.75, 1.00 మిల్లీమీటరు మెట్లలో ఎంత కోస్తే గీతలన్నీ పోతాయో అంతే కోసి, అదే ఓవర్‌సైజు పిస్టను, అదే సైజు రింగులు వేస్తాడు. 0.50 బోరు చేస్తే ఇంజను 99 సీసీకి కాస్త పైకి పోతుంది. పిస్టనుకూ గోడకూ సందు తక్కువైతే వేడికి పిస్టను ఉబ్బి జామ్ అవుతుంది. సందు ఎక్కువైతే ఆయిలు పైకి పాకి నీలిపొగ వస్తుంది, పొద్దున స్టార్టు చేసినప్పుడు టకటక వినబడుతుంది. మిల్లీమీటరులో పదో వంతును కూడా ఎవరూ వదిలిపెట్టరు ఇక్కడ. "బోరుకొచ్చింది" అన్న ఒక్క మాట వెనక ఇంత కొలత ఉంది. బైకు ఉన్న ప్రతి పిల్లగానికీ ఇందులో సగమైనా తెలుసు.

బోరింగు సంగతి. మనం చేతిపంపును బోరింగు అంటాం. తొలిచే పని పేరు ఆ పని వల్ల దొరికిన వస్తువుకు అంటుకుంది. ఇంగ్లీషువాడికి ఇది వింతగా ఉంటుంది, కానీ మన భాషలో ఇది కొత్తేమీ కాదు. ఊళ్లలో కనబడేవి ఎక్కువగా ఇండియా మార్క్ టూ పంపులు, 1970ల చివర్లో యూనిసెఫ్ సాయంతో తయారైన నమూనా. కింద నీళ్లలో ఉండే సిలిండరు లోపలి బోరు 63.5 మిల్లీమీటర్లు, అంటే రెండున్నర ఇంచులు. చెయ్యి పూర్తిగా పైకెత్తి పూర్తిగా దించితే లోపల పిస్టను 125 మిల్లీమీటర్లు కదులుతుంది. ఒక్క కొట్టుకు వచ్చే నీళ్లు 400 మిల్లీలీటర్లకు కొంచెం తక్కువ. పదిహేను లీటర్ల బిందె నిండాలంటే నలభై కొట్లు చాలు. అరవై కొట్టినా నిండకపోతే లోపల వాషర్లు అరిగినట్టు. పొద్దున్నే పదిసార్లు ఉత్తగా కొట్టినంక గానీ ధార రాకపోతే అడుగున వాల్వు కారుతున్నట్టు, రాత్రంతా పైపులోని నీళ్లు కిందికి జారిపోతున్నట్టు. వేసంగిలో మాత్రమే ఇట్లా అయితే పంపును అనకూడదు, నీటిమట్టం సిలిండరు కిందికి దిగింది. కొట్లు లెక్కపెడితే ఏ రోగమో పైనుంచే తెలుస్తుంది.

ఇక చెలకలోని బోరు. గొట్టపు బావి అన్న మాట ఎందుకు తప్పో ఇక్కడ చెప్పాలి. కృష్ణా, గోదావరి డెల్టాల్లోనో గంగ మైదానంలోనో ఇసుక, ఒండ్రు పొరలుంటాయి. అక్కడ రంధ్రం చేసి వదిలేస్తే ఇసుక కూలి పూడిపోతుంది. అందుకని పైనుంచి కిందిదాకా గొట్టం దించి, నీళ్లున్న పొర ఎదురుగా గొట్టానికి జల్లెడ పెడతారు. అక్కడ గొట్టమే బావి. దాన్ని ట్యూబ్ వెల్ అంటారు, తెలుగులో గొట్టపు బావి అంటే సరిగ్గా సరిపోతుంది. మన దగ్గర పైన మట్టి, మొరం, సుద్ద, దాని కింద గట్టి బండ. నల్లగొండ, పాలమూరుల కింద ఉన్నది ఎక్కువభాగం గ్రానైటు, నైసు రాళ్లే. పైన కూలిపోయే పొర ఉన్నంతవరకే కేసింగు పైపు దించుతారు. దాని కింద రెండు వందలో నాలుగు వందలో ఫీట్ల దాకా ఉన్నది రాతిలో తొలిచిన ఉత్త పొక్క. గొట్టం లేని దాన్ని గొట్టపు బావి అనడం ఎట్లా కుదురుతుంది? తొలిచినది అనే అర్థమున్న బోరు మాటే ఈ రాతి నేలకు అతికినట్టు సరిపోయింది. ఇంజనీర్లు ట్యూబ్ వెల్‌ను, బోర్ వెల్‌ను వేరువేరుగా చెప్పేది కూడా ఇందుకే. పాఠ్యపుస్తకంలో గొట్టపు బావి అని రాసి మన పిల్లలతో చదివిస్తే వాళ్ల ఇంటి వెనక ఉన్న వస్తువును వాళ్లకు తప్పుగా చెప్పినట్టే.

బోరు వేసేటప్పుడు మన జనం నోట వచ్చే మాటలను వరసగా పెట్టుకుంటే అదే ఒక పాఠం. ముందు పాయింటు పెట్టాలి. టెంకాయతోనో వేపపుల్లతోనో పెట్టినా, జియాలజిస్టు మిషను పెట్టి చూసినా దాన్ని పాయింటనే అంటారు. తర్వాత బండి వస్తుంది, నిజానికి రెండు లారీలు: ఒకదాని మీద రిగ్గు, అంటే తొలిచే మిషను, ఇంకోదాని మీద రాడ్లు, సామాను. మన దిక్కు తిరిగే బండ్లు చాలావరకు తమిళనాడులోని తిరుచెంగోడువి. కంప్రెసరు గాలి రాడ్ల లోపలి నుంచి కిందికి పోయి హ్యామరును ఆడిస్తుంది, అది ముందున్న బిట్టును, అంటే బండను తొలిచే మొనను కొడుతుంది. బిట్టు తిరుగుతూ బండను నుజ్జు చేస్తుంది. అదే గాలి ఆ నుజ్జును పైకి ఊదుతుంది. నీళ్లు లేకపోతే తెల్లటి దుబ్బ లేస్తుంది. తడి తగిలితే దుబ్బ ముద్దవుతుంది. బండలో పగులు దొరికితే "గ్యాపు తగిలింది" అంటారు. గట్టి గ్రానైటులో నీళ్లుండేది ఆ గ్యాపుల్లోనే. రాయి లోపల నీళ్లుండవు. అందుకే పక్కపక్కన రెండు చేన్లలో ఒకరి బోరు పోస్తుంది, ఇంకొకరిది ఉత్త దుబ్బ అవుతుంది. ఆ గ్యాపు రెండో చేను కిందికి రాలేదంతే.

లోతు లెక్క రాడ్ల మీద నడుస్తుంది. మామూలుగా రాడ్డు 20 ఫీట్లు. 17 రాడ్లు దిగితే 340 ఫీట్లు. ఫీటు ధర ఒక లోతు దాటినాక మెట్టుమెట్టుగా పెరుగుతుంది, కేసింగుకు ఫీటు లెక్కన వేరే కట్టాలి. ఇంటి మనిషి ఒకరు అక్కడే కూర్చుని ప్రతి రాడ్డుకు ఒక గీత గీయాలి, ముందుగా టేపు పెట్టి రాడ్డు పొడవు చూసుకోవాలి. బండి పోకముందే తాడుకు రాయి కట్టి దించి చూడాలి. 340 ఫీట్లు కొట్టిన బోరులో రాయి 310 దగ్గర ఆగితే అడుగున నుజ్జు పేరుకుపోయిందన్నమాట, మళ్లీ గాలి కొట్టి ఫ్లషింగు చేయమనాలి. కేసింగు గట్టి బండలోకి ఒకటి రెండు ఫీట్లైనా దిగి కూర్చోవాలి. పైపు పైసలు కలిసొస్తాయని మొరంలోనే ఆపితే మొదటి పెద్ద వానకు మట్టి జారి మోటరు మీద పడుతుంది. పైపు చుట్టూ ఉన్న సందును బంకమట్టితోనో సిమెంటుతోనో మూయాలి, లేకుంటే పైనున్న మురుగు నేరుగా లోపలికి దిగుతుంది.

బోరు సైజు దగ్గర ఇంకో మెలిక ఉంది. "ఆరున్నర బోరు" అని మాట్లాడుకుంటాం. ఆరున్నర ఇంచులు కొత్త బిట్టు సైజు. గట్టి బండలో కొట్టీ కొట్టీ బిట్టు అంచు అరుగుతుంది, పొక్క పైన ఉన్నంత వెడల్పు కింద ఉండదు. ఆరించుల మోటరు పైన సాఫీగా దిగి లోతుకు పోయినంక పట్టేస్తే కారణం తరచుగా ఇదే. మోటరు దించే ముందు అంతే లావు, అంతే పొడవున్న ఖాళీ పైపు ముక్కను తాడుతో అడుగుదాకా దించి తీయాలి. స్ప్లెండర్ బోరుకు గేజి మూడు చోట్ల పెట్టే మనం, దానికి ఎన్నో రెట్లు పైసలు పెట్టిన చెలక బోరుకు ఒక్క చోటన్నా పెడుతున్నామా?

నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది నీళ్ల లెక్క. "రెండించుల నీళ్లు పడ్డయి" అంటారు. ఏ రెండించులు? దీనికి రెండు వేరువేరు అర్థాలున్నాయి, ఊళ్లో రెండూ కలిసిపోయాయి. ఒకటి వీ-నాచ్ కొలత. రేకులో 90 డిగ్రీల కోణంలో వీ ఆకారంలో గంటు కోసి, నీళ్లను దాని మీదుగా పారించి, గంటు మొన మీద ఎన్ని ఇంచుల ఎత్తున నీళ్లు నిలిచాయో చూస్తారు. ఇంకొకటి పైపు కొలత, రెండించుల పైపు నిండుగా పోయడం. నాచ్ మీద రెండించులంటే నిమిషానికి దాదాపు 48 లీటర్లు. రెండించుల పైపు నిండుగా, సెకనుకు మీటరున్నర వేగంతో పోస్తే నిమిషానికి 180 లీటర్ల పైమాట. మాట ఒకటే, నీళ్లు దాదాపు నాలుగింతలు తేడా.

నాచ్ లెక్కలోనూ ఇంకో మోసం దాగి ఉంది, ఎవరూ చేసింది కాదది, గణితమే అట్లా ఉంది. ఒక ఇంచుకు నిమిషానికి ఎనిమిదిన్నర లీటర్లు. రెండించులకు పదిహేడు అనుకుంటాం, కానీ వచ్చేది 48. మూడించులకు 133. ఎత్తు పెరిగితే గంటు వెడల్పూ పెరుగుతుంది, నీళ్ల వేగమూ పెరుగుతుంది, అందుకే రెట్టింపు ఎత్తుకు నీళ్లు ఐదున్నర రెట్లు దాటుతాయి. కాబట్టి "ఇంచున్నర, రెండుకు తక్కువ" అని చేతి అంచనాతో చెప్పే మాట మీద మోటరు కొనకూడదు. స్కేలును గంటు అంచున కూడా పెట్టకూడదు. అక్కడ నీళ్లు వంగి దిగుతాయి కాబట్టి తక్కువ చూపిస్తుంది. కాస్త వెనక్కి, నీళ్లు నిలకడగా ఉన్నచోట కొలవాలి.

ఈ తేడా చేతికి ఏం చేస్తుందో ఒక ఎకరం మీద చూద్దాం. ఎకరం మడిలో ఒక సెంటీమీటరు ఎత్తున నీళ్లు నిలపాలంటే 40,470 లీటర్లు కావాలి. నాచ్ మీద రెండించులు పోసే బోరుకు ఇది 14 గంటల పని. ఒక ఇంచు బోరుకు 79 గంటల పని, అంటే మూడు రోజులు దాటుతుంది. అంతలో పెట్టిన నీళ్లు ఎండకే పోతాయి. వరి నాటాలా, కూరగాయలకు డ్రిప్పు పెట్టాలా అన్న నిర్ణయం ఈ ఒక్క అంకె మీద ఉంది.

కొలవడానికి మిషన్లేం అక్కర్లేదు. 200 లీటర్ల డ్రమ్ము, చేతిలో ఫోను చాలు. డ్రమ్ము నిమిషంలో నిండితే నిమిషానికి 200 లీటర్లు, రెండు నిమిషాలైతే 100. అయితే ఎప్పుడు కొలుస్తున్నామన్నది ముఖ్యం. బండి గాలి కొట్టినప్పుడు ఆకాశానికి ఎగిరిన నీళ్లు చూసి మురిసిపోవద్దు. ఆరున్నర బోరు ఒక్కో ఫీటులో ఆరున్నర లీటర్ల నీళ్లు నిలుస్తాయి, ఇంచులూ లీటర్లూ ఇక్కడ అనుకోకుండా కలిశాయి కాబట్టి గుర్తుపెట్టుకోవడం తేలిక. 400 ఫీట్ల బోరులో నీటిమట్టం 100 దగ్గరుంటే లోపల నిలిచి ఉన్నవి 1,950 లీటర్లు. ఊట లేకపోయినా నిమిషానికి 100 లీటర్లు తోడే మోటరు ఇరవై నిమిషాలు ధారగా పోస్తుంది, ఆ తర్వాత గాలి కక్కుతుంది. దీన్నే మనవాళ్లు "పట్టి పట్టి పోస్తుంది" అంటారు. కాబట్టి ఆన్ చేయగానే ఒకసారి, గంటకు ఒకసారి, మూడు నాలుగు గంటలు ఆపకుండా నడిచాక ఒకసారి డ్రమ్ము పెట్టాలి. చివరి అంకే బోరు అసలు శక్తి. మోటరు దానికన్నా తక్కువ తోడేదై ఉండాలి. సబ్‌మెర్సిబుల్ మోటరును చల్లబరిచేది దాని పక్క నుంచి పారే నీళ్లే. నీళ్లు దిగిపోయాక ఉత్తగా తిరిగితే కాలిపోక తప్పదు. దాన్ని అడుగున ఆనించినా నుజ్జులో కూరుకుని కాలుతుంది, అందుకే అడుగుకు కనీసం ఇరవై ఫీట్ల పైన వేలాడదీయాలి. 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల కరెంటు వచ్చినప్పుడు ఆటో స్టార్టర్లు తీసేయమని సర్కారు చెప్పిన కారణం కూడా ఇందులోనే ఉంది. మనిషి లేకున్నా మోటరు తిరుగుతూనే ఉంటే గ్యాపుల్లోకి ఊట చేరే టైము దొరకదు.

అందుకే నేననేది: "బోరు వేసినం" అన్న ఒక్క మాటలో పొక్క, మోటరు, నీళ్లు మూడూ ఇమిడి ఉన్నాయి. "బోరు పోయింది" అన్నప్పుడు ఏది పోయింది? పొక్క కూలిందా, మోటరు కాలిందా, నీళ్లు దిగాయా? మూడింటికీ మందు వేరు. నీళ్లు దిగిన బోరుకు కొత్త మోటరు వేసినవాళ్లు, మోటరు కాలిన బోరును వదిలేసి పక్కన కొత్త పొక్క కొట్టించినవాళ్లు ప్రతి ఊళ్లో ఉన్నారు. మన భాషలోనే దీనికి సరైన మాటలున్నాయి: ఎత్తిపోయింది అంటే నీళ్లది, కాలింది అంటే మోటరుది, కూలింది లేదా పూడింది అంటే పొక్కది. వాటిని విడిగా వాడితే చాలు.

నీళ్ల బోరు కాని బోర్ల గురించి కొంచెం. విసుగు అనే అర్థమున్న బోరు ఇంగ్లీషు రాతల్లో 1760లలో కనబడుతుంది. దాని పుట్టుక తేలలేదు. తొలిచినట్టు చెవిలో పోరు పెట్టడం నుంచి వచ్చిందని చాలామంది చెబుతారు, వినడానికి బాగుంది గానీ రుజువు లేదు. సముద్రపు పోటుకు నదిలోకి ఎదురెక్కే అల కూడా బోరే, హుగ్లీ నదిలో కనబడుతుంది. అది అల అనే అర్థమున్న పాత నార్స్ మాట 'బారా' నుంచి వచ్చి ఉంటుంది. మోయడం అనే అర్థమున్న 'బేర్' భూతకాల రూపం కూడా ఇట్లాగే వినబడుతుంది, తొలవడంతో దానికి సంబంధం లేదు. దక్షిణాఫ్రికాలో 1899 నుంచి 1902 దాకా ఇంగ్లీషువాళ్లతో యుద్ధం చేసిన బోర్ జనం పేరుకు డచ్చిలో అర్థం రైతు. మన నేలలో రైతూ బోరూ ఎట్లాగూ విడదీయరానివి కాబట్టి ఈ చివరిది నాకు మనసుకు పట్టింది.

బళ్లో మాత్రం విసుగు బోరు ఒక తప్పును పుట్టిస్తుంది. "నాకు బోరు కొడుతోంది" అనే వాక్యంలో కొట్టేది బోరు, దెబ్బ పడేది నాకు. పిల్లలు దీన్ని ఇంగ్లీషులోకి తెచ్చేటప్పుడు "ఐ యామ్ బోరింగ్" అంటారు. దానికి "నేనే విసుగు పుట్టించే మనిషిని" అని అర్థం వస్తుంది. విసుగు పుట్టించేది బోరింగ్, విసుగు పుట్టినవాళ్లు బోర్డ్. తెలుగులో 'నాకు' అని వస్తే ఇంగ్లీషులో బోర్డ్ అనాలి అని ఒక్క గుర్తు చెబితే పిల్లలు మళ్లీ తప్పు చేయరు. మన దగ్గర బోరింగు అంటే చేతిపంపు కూడా కాబట్టి ఈ గుర్తు మరింత అవసరం. బోరుమని ఏడవడం, బోర్లా పడటం మాత్రం అచ్చంగా మన మాటలే, ఇంగ్లీషు నుంచి వచ్చాయనుకోవద్దు.

ఇంగ్లీషు నుంచి మనకు ఒక మాట వస్తే, మన నల్లగొండ పేరు కూడా ఇంగ్లీషులోకి పోయింది. బోర్లు లోతుకు పోయినకొద్దీ రాతితో ఎక్కువ కాలం కలిసి ఉన్న నీళ్లు పైకొచ్చాయి. గ్రానైటులోని కొన్ని ఖనిజాల నుంచి ఫ్లోరైడు వాటిలో కరిగింది. తాగే నీళ్లలో లీటరుకు ఒక మిల్లీగ్రాము మించకూడదు, వేరే దిక్కు లేనప్పుడు ఒకటిన్నర దాకా సరేనని మన దేశపు ప్రమాణం. మర్రిగూడ, మునుగోడు దిక్కు బోర్లలో ఇంతకన్నా చాలా ఎక్కువ ఉండటం వల్ల ఎముకలు వంగిన మనుషులు ఇంకా ఉన్నారు. నాగ్‌పూర్‌లోని నీరి సంస్థ 1970లలో తయారుచేసిన ఫ్లోరైడు తీసే పద్ధతికి నల్లగొండ టెక్నిక్ అని పేరు. నీళ్లలో సున్నం, బ్లీచింగు పౌడరు కలిపి, తర్వాత పటిక వేసి, పది నిమిషాలు మెల్లగా కలియబెట్టి, గంటసేపు తేరనిచ్చి, పై నీళ్లు వంచుకోవాలి. సున్నం పటికలో సుమారు ఇరవయ్యో వంతు. పటిక ఎంతన్నది నీళ్లలోని ఫ్లోరైడును, క్షారాన్ని బట్టి మారుతుంది, ఒక బోరు లెక్క పక్క బోరుకు పనికిరాదు. పటిక ఎక్కువైతే అల్యూమినియం నీళ్లలో మిగులుతుంది, అడుగున తేరిన మడ్డిని పారబోయడం ఇంకో తలనొప్పి. టాంజానియా, ఇథియోపియాల్లో కూడా దీన్ని ఆ పేరుతోనే వాడారు. ఇక్కడ మాత్రం చివరికి దారి చూపింది కృష్ణా నీళ్లే. ఇంటింటికీ తాగునీళ్లిచ్చే మిషన్ భగీరథ పథకం పైలాన్ చౌటుప్పల్‌లో నిలబడింది అందుకే.

ఒక అర్థానికి మాత్రం మన దగ్గర ఇంకా విడి మాట లేదు. నీళ్లు పడక వదిలేసిన పొక్కను కూడా బోరనే అంటున్నాం. నీళ్లు, భూమి, చెట్లను కాపాడే వాల్టా చట్టం 2002 నుంచి ఉంది, పర్మిషను లేకుండా బోరు వేయకూడదు. వదిలేసిన బోరును మట్టి, ఇసుక, రాళ్లు, తవ్వినప్పుడు లేచిన నుజ్జు, ఏదో ఒకదానితో అడుగు నుంచి నేల మట్టం దాకా పూడ్చాలని సుప్రీంకోర్టు 2010లో చెప్పింది. గోనెసంచి కుక్కి పైన బండ పెడితే పూడ్చినట్టు కాదు. సంచి ఎండకు, వానకు చివికిపోతుంది, బండను ఎవరో జరుపుతారు, ఆరున్నర ఇంచుల పొక్కలో పసిపిల్ల పడుతుంది. 400 ఫీట్ల బోరు పూడ్చడానికి కావాల్సింది 2.6 ఘన మీటర్లు, అంటే సుమారు ఒక ట్రాక్టరు ట్రిప్పు మొరం. పెద్ద గడ్డలు ఏరేసి, పారతో కొంచెం కొంచెంగా వేస్తూ నడుమ నడుమ నీళ్లు పోయాలి. ఒక్కసారే గుమ్మరిస్తే పైన ఎక్కడో ఇరుక్కుని కింద ఖాళీ ఉండిపోతుంది. నిండిన వారానికి మళ్లీ వచ్చి చూస్తే మూరెడో బారెడో కుంగి ఉంటుంది, అప్పుడు ఇంకో రెండు తట్టలు వేసి తొక్కాలి.